బొట్టుబిళ్ళ

మొదట నాకు కనబడింది ఎర్రటి చీకటి.
తర్వాత ఒక గోరు.
కెమెరా మీది బొట్టుబిళ్ళని గోటితో ఊడదీసి
నుదుటిన పెట్టుకుని
ఆ పిల్ల పరీక్షకి కూర్చుంది.

మహదేవపురలో ఐదో అంతస్తు, ఆదివారం.
మాకు తలా పన్నెండు కిటికీలు.
నా పన్నెండింట్లో ఆమె ఏడోది.
పేర్లు చూపించరు మాకు, నంబర్లే.
కానీ లోపల్నుంచి ఎవరో పిలిచారు,
"హేమాక్షీ, గ్యాస్ కట్టెయ్యనా?"
మర వెంటనే రాసుకుంది: గదిలో రెండో గొంతు.
కాసేపటికి రైలు కూత వినబడింది,
ముందు కిటికీలోంచి, ఆ వెంటనే ఇయర్‌ఫోన్‌లో.
అంటే కృష్ణరాజపురం పట్టాల పక్కనే ఎక్కడో,
నడిచిపోయేంత దూరంలో ఉంటుంది.

పరీక్షకి ముందు గది చూపించమంటాం.
రూలది. నాలుగు గోడలూ, బల్ల కిందా, ఖాళీ చేతులూ.
లాప్‌టాప్‌ని చంటిబిడ్డలా ఎత్తుకుని తిప్పింది.
చెమ్మ దిగిన గోడ.
తాడు మీద లోపలిబట్టలు. అక్కడ చెయ్యి తొందరపడింది.
"మళ్ళీ, మెల్లిగా" అని టైప్ చేశాను.
చెయ్యాలి.
మళ్ళీ చూపింది.
మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి,
మందుల డబ్బా,
తలుపు మీద పెన్సిల్‌తో రాసిన పాల లెక్క.
చుట్టాలొస్తే తలుపు వేసి ఉంచే గది అది.
ఆరునెలలు దాచిపెడతారట ఆ వీడియోని.
ఎక్కడో నాకూ తెలీదు.

ఆమె పెదాలు కదుపుతూ చదువుతుంది.
ప్రశ్నని చింతగింజలా బుగ్గన పెట్టుకుని,
అటు తిప్పి, ఇటు తిప్పి,
పులుపంతా పోయాక రాస్తుంది.
మర ఆ నోటి చుట్టూ ఎర్రగీత గీస్తుంది:
పెదవి కదలిక, పద్నాలుగు సార్లు.

చింతామణిలో కదిరప్ప సార్ మా నోళ్ళే చూసేవాడు,
వెనక బెంచీ దాకా వంగి వంగి.
"పెదాలు ఆడకుంటే చదువు గొంతు దిగదు మే" అనేవాడు.
ఎక్కాలన్నీ చప్పుడు కాకుండా నమిలేవాళ్ళం.
పదమూడో ఎక్కం ఇప్పటికీ నాకు రాదు,
నా నాలిక్కి వచ్చు.

ఒక్కో ఎర్రగీతకి నలభై సెకన్లిస్తారు.
తప్పు, తప్పు కాదు. రెండే మీటలు.
నేనెంతసేపు తటపటాయించానో
ఇంకో మర లెక్కపెడుతుంటుంది.
పదమూడు సార్లు తప్పు కాదు నొక్కాను.
పద్నాలుగోసారి టీమ్‌లీడర్ దినకరన్
నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
"ఏమైనా ఉందా, నాగవేణీ?"
అంతే అన్నాడు.
ఆ వేలు నాదే.
ఎవరూ పట్టుకుని నొక్కించలేదు.

టైమైపోయింది. ఆమెకేం తెలుసు.
ఒళ్ళు విరుచుకుని, నుదుటి బిళ్ళ తీసి,
ఇంకా జిగురుందో లేదో వేలికి అంటించి చూసుకుని
నా కంటి మీద పెట్టేసింది.

సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు ఎటూ కదలదు.
ఫోను మాత్రం ఇంటికెళ్ళి చూసొచ్చింది:
లోహిత్ నలభై రెండు నిమిషాలు చదివాడు,
ధ్యాస డెబ్బై ఒక్క శాతం.
మిగతా ఇరవై తొమ్మిదీ ఏ గాలికి పోయిందని
రోజూ వాణ్ణి నిలదీసేదాన్ని.

తలుపు తీసేసరికి వాడు టాబ్ ముందున్నాడు.
తొమ్మిదేళ్ళ వీపు, స్కేలు పెట్టి గీసినట్టు.
నోరు బిగించి, కళ్ళు మాత్రమే
అక్షరాల మీద జారుతున్నాయి.
"పైకి చదువుకోరా" అన్నాను.
"నోరు కదిపితే స్టార్లు పోతాయమ్మా."
చెప్పిందికూడా పెదాలు కదలకుండానే.

చెప్పులు విప్పలేదు ఇంకా.
అద్దం అంచున నావి ఏడెనిమిది బిళ్ళలున్నాయి,
పాతవి, పౌడరు పట్టినవి, దుమ్ము కొట్టుకుపోయినవి.
ఒక్కొక్కటే వేలికి అంటించి చూస్తున్నాను,
కాస్త జిగురున్నది దొరుకుతుందేమోనని.